రెండోసారి తట్టిన తలుపు

సింగపూర్‌లో ప్రభుత్వ గృహ సంస్థ హెచ్‌డీబీ కట్టిన బ్లాకుల కింద ఖాళీగా వదిలిన జాగాను వాయిడ్ డెక్ అంటారు. మలయ్ వాళ్ల పెళ్లి భోజనాలు అక్కడే, చైనీయుల చావు పందిళ్లు అక్కడే, మధ్యలో తీరిక దొరికిన ఆదివారాల్లో ఆరోగ్య శిబిరాలూ అక్కడే. అలాంటి ఒక శిబిరంలో డెబ్బై దాటిన పెద్దావిడ ఒకరు వేలు చాచారు. సూది గుచ్చారు. షుగర్ ఎక్కువే వచ్చింది. వాలంటీరు కుర్రాడు ఆ అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, డాక్టరుకు చూపించుకోమని చెప్పాడు. ఆవిడ తల ఊపి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో తోటకూర కట్ట కిందికి తోసేశారు. ఉచితంగా ఇచ్చిన తువ్వాలును మాత్రం నలగకుండా పైన పెట్టుకున్నారు.

ఆ రోజు శిబిరం లెక్కలో ఆవిడ ఒక అంకె. నిర్వాహకుల నివేదికలో విజయం కూడా. కానీ ఆ కాగితం ఏమైందో ఎవరు చూస్తారు? ఇంటింటి ఆరోగ్య ప్రచారం గురించి ఎన్ని నివేదికలు తిరగేసినా, ఎంతమందిని పరీక్షించారన్నది మొదటి పేజీలో ఉంటుంది. ఎంతమంది ఇంటికి మళ్లీ వెళ్లారన్నది వెతుక్కోవాలి. పరీక్ష చవక. రెండోసారి తలుపు తట్టడమే ఖరీదు. ఏ కార్యక్రమాన్నయినా ఈ రెండో తట్టుతో కొలవాలన్నది నా పక్షం. సింగపూర్ అనుభవాన్ని ఆ కొలబద్దతోనే చూస్తాను.

ఈ ఊళ్లో ఇంటింటి పని కొత్తదేమీ కాదు. 1920లలో ఇడా సిమన్స్ అనే బ్రిటిష్ నర్సు ఇక్కడికి వచ్చేనాటికి, పల్లె ప్రాంతాల్లో పుట్టిన ప్రతి వెయ్యిమంది పసివాళ్లలో రెండు వందల మందికి పైగా ఏడాది నిండకుండానే పోయేవారు. ఆస్పత్రి కట్టి పిలిస్తే రాని తల్లుల దగ్గరికి ఆమె తానే వెళ్లింది. కంపాంగుల్లో, అంటే పల్లెవాడల్లో, గడప గడపకూ తిరిగి బాలింతలను చూసింది, మంత్రసానులకు శిక్షణ ఇప్పించింది, స్థానిక ఆడపిల్లలను నర్సులుగా తయారుచేసింది. 1948 దాకా ఆ పని నడిపింది. ఒకే ఇంటికి పదేపదే వెళ్లడమే ఆమె పద్ధతి: బిడ్డ పుట్టకముందు, పుట్టాక, బరువు పెరగనప్పుడు. తర్వాతి కాలంలో కంపాంగులు పోయాయి, ఎత్తైన బ్లాకులు వచ్చాయి. పౌరులు, శాశ్వత నివాసుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా నేడు హెచ్‌డీబీ ఇళ్లలోనే ఉన్నారు. గడపలు అన్నీ ఒకే వరసలో, ఒకే రంగులో, నంబర్లతో సహా దొరుకుతాయి. తిరిగేవాళ్లకు ఇంత సులువైన ఊరు ఇంకోటి లేదు. అయినా తలుపు తెరవడం మాత్రం సులువు కాలేదు.

2014 ఆ కథలో మలుపు. 1949 చివరికి ముందు పుట్టి, 1986 నాటికి పౌరసత్వం పొందిన సుమారు నాలుగున్నర లక్షల మంది పెద్దలకు ప్రభుత్వం పయనీర్ జనరేషన్ పేరిట వైద్య రాయితీలు ప్రకటించింది. ఉత్తరం పంపితే సరిపోదని ప్రభుత్వానికి తెలుసు. ఆ పెద్దల్లో చాలామందికి ఇంగ్లీషు రాదు, కొందరికి చదువే రాదు. అందుకని ప్రత్యేకంగా ఒక కార్యాలయం పెట్టి, వాలంటీర్లను ఇంటింటికీ పంపారు. అదే 2018లో సిల్వర్ జనరేషన్ ఆఫీస్‌గా మారి, ఏజెన్సీ ఫర్ ఇంటిగ్రేటెడ్ కేర్‌లో కలిసింది. ఆ తర్వాత 1950 నుంచి 1959 మధ్య పుట్టిన మెర్డెకా తరానికీ ఇదే దారి.

ఈ ఆఫీసు వాళ్లు పని మొదలుపెట్టే తీరు చూడాల్సిందే. మొదటి మెట్టు జాబితా. ఇక్కడ ప్రతి నివాసి చిరునామా గుర్తింపు కార్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి, ఏ బ్లాకులో ఏ అంతస్తులో అరవై దాటినవారున్నారో ముందే తెలుసు. జాబితాను పేటలవారీగా పంచుతారు. అంబాసిడర్లుగా శిక్షణ పొందిన వాలంటీర్లు మెడలో కార్డు, చేతిలో ట్యాబ్‌తో బయలుదేరతారు. అడిగే ప్రశ్నలు పైకి కబుర్లలాగే ఉంటాయి. ఈ మధ్య కింద పడ్డారా, భోజనం ఎవరితో చేస్తారు, ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు. మూడో ప్రశ్నకు జవాబు చెప్పడానికి తటపటాయిస్తే, ఆ ఇల్లు వేరే జాబితాలోకి వెళ్తుంది. దగ్గర్లోని యాక్టివ్ ఏజింగ్ సెంటర్‌కు కబురు అందుతుంది. అక్కణ్ణుంచి పలకరింపుకు ఒక మనిషి, అవసరమైతే కమ్యూనిటీ నర్సు.

తలుపులు తెరుచుకున్నది మాత్రం ట్యాబ్ వల్ల కాదు, మాట వల్ల. ఇక్కడ ఒక చరిత్ర చెప్పుకోవాలి. 1979లో లీ క్వాన్ యూ ప్రభుత్వం మాండరిన్ మాట్లాడండి అని ఉద్యమం నడిపి, చైనీయులు ఇళ్లలో మాట్లాడే హొక్కియెన్, టియోచ్యూ, కాంటనీస్ మాటలను రేడియో, టీవీల నుంచి క్రమంగా తప్పించింది. మూడున్నర దశాబ్దాల తర్వాత అదే ప్రభుత్వం రాయితీల గురించి చెప్పడానికి హొక్కియెన్ మాట్లాడగల వాలంటీర్లను వెతుక్కోవలసి వచ్చింది. 2016లో ఏకంగా హొక్కియెన్‌లో ఒక టీవీ సీరియల్ తీయించింది. 2021లో కోవిడ్ టీకాల వేళ ఫువా చూ కాంగ్ అనే హాస్య పాత్రతో పాట కట్టించింది. బడిలో నేర్పిన భాషలో జనం ఉద్యోగం చేస్తారు, జ్వరం వచ్చినప్పుడు మాత్రం అమ్మ భాషలోనే మూలుగుతారు. ప్రభుత్వం ఈ సంగతి ఆలస్యంగానైనా ఒప్పుకుంది. అందుకు దాన్ని మెచ్చుకోవాలి.

అదే టీకాల కాలంలో, 2021 జనవరి చివర ఆంగ్ మో కియో, తాంజోంగ్ పగార్ పేటల్లో 70 దాటినవారికి ముందుగా పిలుపు వచ్చింది. ఉత్తరాలు నాలుగు భాషల్లో వెళ్లాయి. వాటి వెనకే అంబాసిడర్లు ఇళ్లకు వెళ్లారు. మొదట వద్దన్నవారి ఇళ్లకు మళ్లీ వెళ్లారు. కదలలేనివారి ఇంటికే టీకా బృందాలు వెళ్లాయి. నా లెక్కలో ఈ దేశం చేసిన ఇంటింటి పనుల్లో అన్నిటికన్నా పూర్తయినది ఇదే. కారణం సూటిగా ఉంది: ఇందులో పని ముగిసిందనడానికి గుర్తు భుజం మీద సూది, అంతేగాని చేతిలో కరపత్రం కాదు.

షుగర్, బీపీల విషయానికి వస్తే ఆ సౌకర్యం లేదు. సింగపూర్ 2016లోనే మధుమేహం మీద యుద్ధం ప్రకటించింది. 2022 జాతీయ సర్వే ప్రకారం 18 నుంచి 74 ఏళ్ల వారిలో 8.5 శాతం మందికి మధుమేహం, 37 శాతం మందికి రక్తపోటు. మధుమేహంలో భారత సంతతి వాళ్లం ఏళ్ల తరబడి ముందు వరసలో ఉన్నాం. ఈ ఒక్కదాంట్లో వెనకబడితే బాగుండును. స్క్రీన్ ఫర్ లైఫ్ పేరుతో 2017 నుంచి 5 డాలర్లకే, కొందరికి 2 డాలర్లకే, పయనీర్ తరానికి ఉచితంగానే పరీక్షలు పెట్టారు. ధర తగ్గినా అందరూ రాలేదు.

ఎవరు రాలేదన్నది అసలు ప్రశ్న. ఒకటి రెండు గదుల అద్దె ఫ్లాట్లలో ఉండే పేదలు సొంత ఫ్లాట్ల వాళ్లకన్నా తక్కువగా పరీక్షలు చేయించుకుంటున్నారని ఇక్కడి అధ్యయనాలు చూపాయి. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థులు నైబర్‌హుడ్ హెల్త్ సర్వీస్ పేరుతో ఏటా సరిగ్గా ఆ బ్లాకులకే వెళ్తారు. ఇంటి దగ్గరికే బీపీ మిషన్ తెస్తే పరీక్షలు బాగా పెరిగాయి. క్యాన్సర్ పరీక్షలు మాత్రం అంత తేలిగ్గా పెరగలేదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. పేగు క్యాన్సర్ పరీక్షకు సింగపూర్ క్యాన్సర్ సొసైటీ 50 దాటినవారికి చిన్న గొట్టాలున్న కిట్ ఉచితంగా ఇస్తుంది. రెండు వేర్వేరు రోజుల్లో మలం నమూనా పుల్లతో తీసి, గొట్టంలో మూతపెట్టి, కవరులో వేసి పంపాలి. ఒక్కొక్క మాటా సులువే. కానీ ఇరవయ్యేళ్ల అమ్మాయి గుమ్మంలో నిలబడి డెబ్బై ఏళ్ల తాతగారికి ఇది వివరించాలంటే ఇద్దరికీ చెమట పడుతుంది. ఆయన మర్యాదగా కిట్ తీసుకుంటారు. అది చెప్పుల అలమరా మీద చేరి, కొత్త సంవత్సరానికి ఇల్లు శుభ్రం చేసేదాకా అక్కడే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌కు జాతీయ కార్యక్రమం 2002 నుంచే ఉంది, బస్సులో మామోగ్రామ్ యంత్రం పేట పేటకూ తిరుగుతుంది. అయినా చేయించుకోవలసిన ఆడవాళ్లలో క్రమం తప్పకుండా చేయించుకునేవారు సగం కూడా లేరు.

మన దగ్గర కంటి వెలుగు గుర్తుందా? తెలంగాణ 2018 ఆగస్టు 15న మొదలుపెట్టింది, కోట్ల మందికి కళ్లు పరీక్షించింది. చదువుకునే అద్దాలు అక్కడికక్కడే చేతిలో పెట్టింది. ఆ అద్దాల మేరకు రెండో తట్టు అవసరమే రాలేదు. కంటికి అద్దం పెడితే పని అయిపోతుంది, షుగర్‌కు అలాంటి అద్దం లేదు. ఒక విజయాన్ని చూసి ఇంకో రోగానికి అదే నమూనా వాడే అధికారులు రెండు దేశాల్లోనూ ఉన్నారు. డెంగీ ఇంకో రకం. 2020లో సింగపూర్‌లో 35 వేలకు పైగా కేసులు వచ్చినప్పుడు జాతీయ పర్యావరణ సంస్థ అధికారులు ఇళ్లలో పూలకుండీల పళ్లేలు తిరగేసి చూశారు. దోమపిల్లలు దొరికితే జరిమానా. ఆ తలుపు వెనక చట్టం ఉంది. షుగర్ ఉన్నవాడికి జరిమానా వేయలేం కదా.

2023 జులైలో మొదలైన హెల్దియర్ ఎస్‌జీ, పరీక్ష తర్వాత పట్టించుకునేవారు లేరన్న లోపాన్ని గుర్తించిన పథకం. అప్పటికి ప్రతి ఐదుగురిలో ముగ్గురికే నిలకడైన కుటుంబ వైద్యుడున్నాడని ప్రభుత్వమే తన శ్వేతపత్రంలో రాసుకుంది. 2030 నాటికి ప్రతి నలుగురు పౌరుల్లో ఒకరికి 65 దాటుతుందని కూడా. అందుకే 40 దాటిన ప్రతివారూ ఒకే క్లినిక్‌లో పేరు నమోదు చేసుకుని, ఏటా ఒక ఆరోగ్య ప్రణాళిక రాసుకోవాలని కోరుతున్నారు. జాతీయ సిఫార్సులో ఉన్న పరీక్షలు, టీకాలు అలా చేరిన పౌరులకు ఉచితం. పది లక్షల మందికి పైగా చేరారు. దీనిలో నాకు నచ్చిన భాగం డబ్బు లెక్క. దేశాన్ని మూడు ఆరోగ్య సమూహాలకు, అంటే ప్రభుత్వ ఆస్పత్రుల బృందాలకు, పంచి, చికిత్సల సంఖ్యను బట్టి కాకుండా తమ ప్రాంతంలో ఉన్న మనుషుల సంఖ్యను బట్టి నిధులిస్తున్నారు. మనిషి ఆస్పత్రికి రాకపోతే సమూహానికి లాభం. కాబట్టి ఎర్ర సిరా సున్నా ఉన్న కాగితం ఎవరి సంచిలో ఉందో వెతికే ఆసక్తి ఇప్పుడు ఒకరికి పుట్టింది. ఫోన్‌లో మెసేజ్ చూసి యాప్‌లో నమోదు చేసుకోలేని పెద్దల కోసం మళ్లీ అంబాసిడర్లే వెళ్తున్నారు.

కాగితం మీద ప్రణాళిక కన్నా గిన్నెలో సూప్ బాగా పనిచేసిన సందర్భం ఒకటుంది. ఖూ టెక్ పువాట్ ఆస్పత్రి డాక్టర్ వాంగ్ స్వీట్ ఫున్ 2014లో షేర్ ఎ పాట్ అనే పని మొదలుపెట్టారు. పెద్దవాళ్లు పేటలో ఒకచోట చేరి, కాసేపు వ్యాయామం చేసి, ఎముకల సూప్ తాగి ఇంటికి వెళ్తారు. కండ బలం తగ్గడం, ఒంటరితనం, రెండింటికీ ఒకటే మందు. గొప్పతనం సూప్‌లో కన్నా వారం వారం రావడంలో ఉంది. ఈ వారం రాని ముసలాయన గురించి పక్కవాళ్లే అడుగుతారు. రెండోసారి తలుపు తట్టే పని ఇక్కడ ఉద్యోగి నుంచి ఇరుగుపొరుగు చేతికి మారింది. ఎముకల సూప్ తాగని మన శాకాహారి మామ్మల కోసం పప్పుచారు పెట్టుకోవచ్చు, అది వేరే సంగతి.

ఈ ఊళ్లో జాబితాలోనే సరిగా లేని జనం ఇంకో పక్క ఉన్నారు. వలస కార్మికులు. 2020లో సుమారు 3.23 లక్షల మంది డార్మిటరీల్లో ఉండేవారు. ఆ డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించిన లెక్క ప్రకారం 1.52 లక్షల మందికి, అంటే 47 శాతానికి, కోవిడ్ సోకింది. లక్షణాల్లేక పరీక్షే చేయించుకోనివారు అందులో చాలామంది. అంతకుముందు వారి ఆరోగ్యాన్ని చూసినవి ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలే. 2006లో మొదలైన హెల్త్‌సర్వ్, లిటిల్ ఇండియాలో గాయపడ్డ కార్మికులకు ఉచిత భోజనం పెట్టిన టీడబ్ల్యూసీ2 లాంటివి. భోజనం పెట్టడం ఆరోగ్య ప్రచారమేనా అంటే, నిస్సందేహంగా. కంచం ముందు కూర్చున్న మనిషి తన నడుము నొప్పి సంగతి చెబుతాడు, కౌంటరు ముందు చెప్పడు.

2022 ఏప్రిల్ నుంచి కార్మికులకు ప్రైమరీ కేర్ ప్లాన్ తప్పనిసరైంది. అప్పుడు పెట్టిన ధరల ప్రకారం యజమాని ఏడాదికి మనిషికి 108 నుంచి 138 డాలర్లు కట్టాలి. కార్మికుడు క్లినిక్‌కు వెళ్తే 5 డాలర్లు, ఫోన్‌లో డాక్టరును చూస్తే 2 డాలర్లు. మంచి ఏర్పాటు. అయినా ఒక భయం మిగిలే ఉంటుంది. పెద్ద జబ్బు బయటపడితే పర్మిట్ పోతుందేమో, ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీరకుండానే విమానం ఎక్కిస్తారేమో. ఆ భయం ఉన్నవాడు బీపీ మిషన్ చూసి పక్కకు తప్పుకుంటాడు. అతన్ని ఆపగలిగేది పై బంకులో పడుకునే వాడు. ఆరోగ్య కార్యకర్తగా తయారుచేయాల్సింది కూడా అతణ్ణే, తన భాషలో మాట్లాడే తోటి కూలీనే.

తన భాష అంటే ఏది? ఇక్కడే మన సంగతి వస్తుంది. సింగపూర్ అధికార భాషలు ఇంగ్లీషు, మాండరిన్, మలయ్, తమిళం. బడుల్లో తమిళం కాక అనుమతి ఉన్న భారతీయ భాషలు బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు ఈ రెండు జాబితాల్లోనూ లేదు. ప్రభుత్వ కరపత్రం తమిళంలో మన గుమ్మానికి వస్తుంది, మనం ఇంగ్లీషు వైపు తిప్పుకుని చదువుకుంటాం. చదవగలిగినవాళ్ల మాట అది. రేవుల్లో, కట్టడాల్లో పనిచేసే శ్రీకాకుళం, కరీంనగర్ కుర్రాళ్ల మాట వేరు.

ఇంకో గుంపు మన సొంత ఇళ్లలోనే ఉంది. ఐటీ ఉద్యోగులైన పిల్లల దగ్గరికి దీర్ఘకాల విజిట్ పాస్ మీద వచ్చే అమ్మానాన్నలు. హెల్దియర్ ఎస్‌జీ పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. అంబాసిడర్ జాబితాలో వీళ్ల పేరు ఉండదు, రాయితీ కార్డు ఉండదు. మూడు నెలలకు మించి మందులు తెచ్చుకోవడానికి అనుమతి లేనిదే నిబంధనలు ఒప్పవు, కొన్ని నిద్రమాత్రల్లాంటి వాటికి ముందే అనుమతి కావాలి. నాలుగో నెలలో బీపీ మాత్ర అయిపోతే, పిల్లలకు ఖర్చెందుకని నాన్న రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెడతారు. కోడలు గమనిస్తే మేలు, లేదంటే రోజులు అలాగే గడుస్తాయి. సంపన్న దేశంలో, పద్దెనిమిదో అంతస్తులో, సొంత కొడుకు ఇంట్లో ఉండి కూడా ఎవరి జాబితాలోనూ లేని రోగి ఆయన.

ఈ విషయంలో మన ఆశా కార్యకర్తను తలచుకోకుండా ఉండలేను. 2005లో మొదలైన పథకం, సుమారు వెయ్యిమంది జనాభాకు ఒక ఆశ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పది లక్షల మందికి పైగా ఉన్న ఈ సైన్యానికి పురస్కారం ఇచ్చింది. ఆమె దగ్గర మంచి ట్యాబ్ ఉండదు, జీతం అనదగ్గ జీతం కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. కానీ ఆ వీధిలో ఎవరు నెల తప్పారో, ఎవరి మామగారు మాత్రలు మానేసి తాగుడు మొదలుపెట్టారో ఆమెకు తెలుసు. సింగపూర్‌కు ముందు సమాచారం వచ్చింది, పరిచయం తర్వాత పెంచుకుంటోంది. మనకు పరిచయం ముందే ఉంది, దాని మీద రిజిస్టర్ల బరువు మోపుతూ పోతున్నాం. ఒకవేళ ఎంచుకోమంటే నేను ఆశ వైపు నిలబడతాను, సింగపూర్ ఆమెకు ఇవ్వగలిగిన జీతంతో.

సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది, తర్వాత ఇంకొన్ని సంఘాలు వచ్చాయి. ఉగాదికి జనం వేలల్లో వస్తారు. ఆ రోజు హాలులో ఒక మూల రెండు బల్లలు వేసి బీపీ, షుగర్ చూడటం కష్టమేమీ కాదు. అలాంటి బల్ల వేసేటప్పుడు నిర్వాహకులకు ఒకటే విన్నపం: ఎర్ర సున్నా పడిన ప్రతివారి ఫోన్ నంబరు, వాళ్ల అనుమతితో, ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. నెల తర్వాత ఫోన్ చేసి, డాక్టరు దగ్గరికి వెళ్లారా బాబాయ్ అని తెలుగులో అడిగే ఇద్దరి పేర్లు మాత్రం శిబిరం తేదీ ఖాయం చేయకముందే రాసుకోండి. ఆ ఇద్దరు దొరక్కపోతే ఈ ఏడాదికి బల్ల వేయకండి.